నాలుగు చుక్కల పిస్టను

మా నలుగురు పిల్లల్లో పెద్దవాడికి యాభై తొమ్మిదేళ్ళు. అయినా ఇంటిల్లిపాదీ వాణ్ణి నాలుగోవాడనే అంటారు. అది వాళ్ళ నాన్న పెట్టిన పేరు. ఆ పేరు చెవిన పడితే చాలు, ఈ వయసులో కూడా మూతి ముడుచుకుంటాడు.

మా ఆయన ప్రాణమంతా ఒక పాత కారు మీదే ఉండేది. నాకంటే ముందే ఈ ఇంటికొచ్చిన కారు. కప్ప కళ్ళలాంటి రెండు దీపాలు దానికి. పోయే ముందు ఏడాది ఆయనే దాని ఇంజను విప్పి, ముక్కలన్నీ తుడిచి, నూనె గుడ్డల్లో చుట్టి, పాలపొడి డబ్బాల్లో సర్దారు. మళ్ళీ బిగించడానికి ఆయనకు రోజులు మిగల్లేదు. బతికున్నన్నాళ్ళూ పెద్దవాణ్ణి మాత్రం దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. "నీకు ఓపిక లేదురా" అనేవారు. ఆ మాట వీడి కడుపులో ఉండిపోయింది. ఉద్యోగం నుంచి రిటైరైన మర్నాడే డబ్బాలు కిందికి దించాడు. నాన్న విప్పింది తను బిగించి నడిపి తీరాలని పంతం.

ఇంజను దిమ్మను తెచ్చి నా కోడలు బట్టలు కుట్టుకునే గదిలో పెట్టాడు. ఆమె మిషను వసారాలోకి పోయింది. ఏడు నెలలుగా అక్కడే ఉంది.

మొదట పరీక్షలు. దిమ్మకు కిరసనాయిలు పూసి, తుడిచి, పైన పౌడరు చల్లాడు. సన్నటి పగులేమైనా ఉంటే లోపలి కిరసనాయిలు పౌడరులోకి ఊరి గీతలా కనబడుతుందట. పౌడరు నాది, నిన్నగాక మొన్న కొన్న డబ్బా. దిమ్మకు పగులు లేదని తేలింది, నా డబ్బాలో పౌడరూ లేదు.

ఆ తర్వాత పిస్టన్లు. నాలుగున్నాయి. ఒక్కోదాని కాలికి కడియంలాగా రెండు ముక్కల బేరింగు ఉంటుంది. ఆ కడియం క్రాంకును, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసును, పట్టుకుంటుంది. మా ఆయన ఎప్పుడో ఒక్కో బేరింగునూ చేత్తో గీకి, క్రాంకు మీద దాని చోటికి దాన్ని సరిపెట్టుకున్నారు. ఏది ఎక్కడిదో మరిచిపోకుండా పిస్టన్ల మీద చుక్కలు కొట్టారు. ఒకదాని మీద ఒక చుక్క, ఇంకోదాని మీద రెండు, అలా నాలుగు వరకు.

కారు పుస్తకంలో ఉన్నట్టే, మావాడు ఒక చుక్కదాన్ని ముందు వైపు, నాలుగు చుక్కలదాన్ని వెనక వైపు పెట్టి బిగించాడు. క్రాంకు కదల్లేదు. విప్పాడు, తుడిచాడు, నూనె వేశాడు, బిగించాడు. కదల్లేదు. అలా మూడుసార్లు. స్పానరు విసిరిన చప్పుడు వంటింట్లోకి వినబడేది.

"ఏమండీ, ఇవాళైనా తిరుగుతుందా? లేకపోతే నా మిషను తెచ్చి దాని మీదే పెట్టుకోమంటారా? బల్లలా బాగానే ఉంది" అంది కోడలు.

"నీ నోరు తిరిగినంత సులువుగా ఇది తిరిగితే ఈపాటికి ఊరు చుట్టి వచ్చేవాణ్ణి."

నేను గుమ్మంలో నిలబడితే, "అమ్మా, నువ్వు లోపలికెళ్ళు, గ్రీజు అంటుకుంటుంది" అనేవాడు. వెళ్ళేదాన్ని.

చివరికి లేత్ మేస్త్రిని పిలిపించాడు. ఆయన కూర్చుని, చూసి, కళ్ళద్దాలు తీసేశాడు.

"ఈ బండికి బేరింగులు ఇప్పుడెక్కడా దొరకవండీ. గీకడం మాత్రం గీకొద్దు. వెంట్రుక మందం ఎక్కువ పోయిందా, ఇక తూకానికి వేసుకోవడమే."

"మరేం చెయ్యమంటారు?"

"నాకు తోచట్లేదు. విప్పినాయన ఉంటే చెప్పేవారు."

ఆయన అటు వెళ్ళాడో లేదో, మావాడు బేరింగు ఒళ్ళో పెట్టుకుని, గీకడానికి ఎమరీ పేపరు మడత పెడుతున్నాడు.

"ఒరేయ్, మేస్త్రి వద్దన్నాడు కదరా!"

"అందరూ వద్దనేవాళ్ళే. నాన్న ముట్టుకోవద్దన్నాడు, ఈయన గీకొద్దంటాడు. ఆ మనిషి నన్నెప్పుడు లెక్కలోకి తీసుకున్నాడు గనక! ఇంట్లో మొదట పుట్టింది నేను. నాలుగోవాడని పిలిచాడు. ముగ్గురి వెనక నిలబెట్టాడు."

నాకు ఒళ్ళు మండింది.

"ఎవరురా నిన్ను వెనక నిలబెట్టింది? ఆయన లెక్కే అంత. తన దగ్గరున్నదాని నుంచి మొదలుపెట్టేవారు. చంటిది ఒళ్ళో ఉండేది, అది ఒకటి. నువ్వు వీధిలో గోళీలాడుతుండేవాడివి, నువ్వు నాలుగు. గదులైనా అంతే. తన మంచం ఉన్నది మొదటిది, వీధి గది చివరిది. అందరూ వీధిలోంచి లెక్కపెడితే ఆయన మాత్రం మంచం మీంచి..."

వాడి చెయ్యి ఆగింది.

"అమ్మా, దగ్గరున్నదాని నుంచా?"

"అవునంటున్నాగా."

"కార్లో అయితే?"

"కార్లో ఎక్కడ కూర్చుంటారు, స్టీరింగు దగ్గరేగా!"

వాడు ఎమరీ పేపరు పక్కన పడేసి, అంత వరకు బిగించిందంతా విప్పాడు. స్టీరింగుకు దగ్గరగా, వెనక వైపు ఒక చుక్కది. అన్నిటికంటే ముందు నాలుగు చుక్కలది. ఒక్కోటి బిగించి, తిప్పి చూసి, ఇంకోటి. నాలుగోది బిగించి క్రాంకు మీద ఒక్క చెయ్యి వేశాడు. తిరిగింది. చప్పుడు కూడా లేదు.

సంతోషపడతాడనుకున్నాను. స్పానరు మళ్ళీ విసిరాడు.

"ఏడు నెలలమ్మా! ఒక్క చీటీ రాసి డబ్బాలో పడేస్తే ఆయన సొమ్మేం పోయేది?"

"నన్ను ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయేది? గుమ్మం తొక్కితే చాలు, లోపలికెళ్ళు, లోపలికెళ్ళు!"

వసారాలోంచి కోడలు తల లోపలికి పెట్టింది. "అయితే రేపు నా గది ఖాళీయేనా?"

"ఇంకా పళ్ళచక్రాలు ఉన్నాయి, పైమూత ఉంది, కార్బరేటరు ఉంది..."

"సరే, సరే. వసారా నా పేరున రాసెయ్యండి."

ఆమె వెళ్ళాక మావాడు ఇంకో డబ్బా మూత తీశాడు. పళ్ళచక్రాన్ని వెలుతురులోకి తిప్పి చూసి, గట్టిగా నిట్టూర్చాడు.

"దీని మీద కూడా చుక్కలున్నాయమ్మా. రా, ఇలా కూర్చో. ఆయన గుండ్రటి వాటిని ఎక్కణ్ణుంచి లెక్కపెట్టేవారు?"

స్టూలు లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను. కూర్చోగానే నా చీరకు గ్రీజు అంటుకుంది.