గంగాబొండాల కింద వాలీబాల్

నవంబరు నెల వచ్చిందంటే మోషే టీకొట్టులో రాజకీయాలకు సెలవు. హైస్కూళ్ళ ఆటల పోటీలు దగ్గర పడతాయి. ఏ జట్టులో ఎవరున్నారు, ఎవరి మోకాలు వాచింది, ఎవరు పదో తరగతి దాటి వెళ్ళిపోయారు, అమలాపురంలో ఫైనల్సు దాకా వచ్చేదెవరు, ఇవన్నీ ఆ రెండు బల్లల మీదే తేలాలి. ఎప్పుడూ తేలేవి కావు. అందుకే మర్నాడు మళ్ళీ అందరూ వచ్చేవారు.

తొంభై ఎనిమిదిలో మాత్రం వాదన ఒక్కచోటే తిరిగింది. ముక్తేశ్వరం దారిలో ఉన్న మన చిన్న ఊరి ఆడపిల్లల వాలీబాల్ జట్టు ఫైనల్సుకు చేరింది. అవతల కొత్తపేట జట్టు. గెలిచినవాళ్ళు కాకినాడలో జిల్లా పోటీలకు వెళ్తారు. స్పోర్ట్స్ హాస్టలుకు పిల్లల్ని ఎంచుకునేవాళ్ళు అక్కడికే వస్తారు. మన జట్టులో షాట్లు కొట్టే రేచల్ మోషే కూతురు. పదో తరగతి. ఆ పిల్లకు మరో ఏడాది లేదు.

“కొత్తపేట పిల్లలు ఒక్కొక్కళ్ళూ నిచ్చెనంత ఉన్నారండి బావగారూ. వాళ్ళ చేతులు దాటి బంతెలా వెళ్తుంది?” అన్నాడు సత్యం. అతని అసలు పేరు వీరవెంకటసత్యనారాయణ. అంత పేరు పిలిచే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేదు.

“కొత్తపేట మీ అత్తారూరు కదండీ, మీకు పొడుగ్గానే కనపడతారు,” అన్నాడు మోషే, గ్లాసు ఎత్తి టీ తిరగబోస్తూ.

“అత్తారూరైతే ఉన్నమాట చెప్పకూడదా? మీ అమ్మాయి చెయ్యి మంచిదే, కాదన్లేదు. కానీ బంతి పైకి లేపేదెవరు? మనోళ్ళకి నెట్టు మీద మూరెడు లేస్తే అదే ఆకాశం. దానికి కారణం ఎవరో చెప్పమంటారా? ఇదిగో, మన పోస్టుమాస్టారు గారి కొబ్బరి చెట్లు!”

అందరూ సూర్యప్రకాష్ గారి వైపు తిరిగేరు.

ఆయన పోస్టుమాస్టరుగా చేసి రిటైరై మూడేళ్ళయింది. భార్య ఉమాదేవి పోయి నాలుగేళ్ళు. ఆయన పెరటి వెనక రెండు వరసల గంగాబొండాం చెట్లుండేవి. పొట్టి రకం, నిలబడి కాయ కోసుకోవచ్చు. అవి ఉమాదేవి నాటినవి. స్కూల్లో చోటు చాలక పిల్లలు ఆ వరసల మధ్య నెట్టు కట్టుకుంటామంటే, “కట్టుకోండమ్మా, చెట్లకేం నొప్పి?” అని ఆవిడే అంది. ఏళ్ళు గడిచేసరికి రెండు వైపుల మట్టలూ కలిసిపోయి కోర్టు మీద ఆకుపచ్చ కప్పులా పరుచుకున్నాయి. బంతి కాస్త ఎత్తుకు లేస్తే మట్టలకు తగిలి ఎటో పడేది.

“ఆ మట్టలు కొట్టించేస్తే చాలండి. పదిహేను రోజుల్లో పిల్లలకి ఎత్తు అలవాటైపోద్ది,” అన్నాడు సత్యం.

మోషే పోస్తున్న టీ గ్లాసు నిండి బల్ల మీదికి పొర్లింది. సూర్యప్రకాష్ గారు అది చూసేరు.

రెండు రోజులు ఆలోచించేరాయన. ఆ చెట్ల మీద ఇంతవరకూ కత్తి పడనివ్వలేదు. మూడో రోజు ఉదయం కొబ్బరికాయల దింపు తీసే ఏలీయాకు కబురంపేరు.

“పచ్చి మట్టలండీ. ఇన్ని కొడితే రెండు మూడు దింపులు కాయుండదండీ,” అన్నాడు ఏలీయా, తల గోక్కుంటూ.

“తెలుసు. కొట్టెయ్.”

మధ్యాహ్నానికి కోర్టు మీద ఎండ పడింది. పిల్లలు ఆకాశం వైపు చూసి కేరింతలు కొట్టేరు. బంతి ఎత్తి అందించే సాయిదుర్గ ఊరికే నాలుగుసార్లు బంతిని పైకి విసిరి పట్టుకుంది. రేచల్ దగ్గరకొచ్చి, “థాంక్సండీ తాతగారూ,” అంది. మంచి పని చేశాననుకున్నారాయన. ఆ రోజు రెండోసారి కూడా మజ్జిగన్నం కలుపుకున్నారు.

డ్రిల్లు టీచరు కనకరత్నం వారం రోజుల శిక్షణ ముగించుకుని కాకినాడ నుంచి ఆ శనివారం వచ్చింది. కోర్టులోకి అడుగు పెట్టి తల పైకెత్తింది.

“ఎవరండీ ఈ పని చేసింది?”

“నేనేనమ్మా. పిల్లలకి ఎత్తు అలవాటవుతుందని...”

ఆవిడ విసుక్కోలేదు. విసుక్కుంటే బాగుండేది. “మాష్టారూ, కొత్తపేట పిల్లలు పొడుగు. బంతి పైకెళ్తే వాళ్ళకి తీరిగ్గా లేచి అడ్డుకునే టైముంటుందండి. మన బంతి పైకెళ్ళదు. వాళ్ళు లేచేలోపే రేచల్ కొట్టేస్తుంది. అందుకేనండి ఇంతదాకా వచ్చేం. ఈ చెట్లే మా పిల్లలకి ఆట నేర్పేయి,” అంది మెల్లగా.

సాయంత్రం సీనియర్ అబ్బాయిలతో ఆడించి చూసింది. సాయిదుర్గ బంతిని తాటిచెట్టంత ఎత్తుకు లేపింది. రేచల్ కింద నిలబడి దాని కోసం ఎదురు చూసింది. అబ్బాయిలు నవ్వుకుంటూ లేచి చేతులడ్డం పెట్టేరు. మర్నాడూ అంతే. తక్కువగా లేపమని కనకరత్నం ఎంత చెప్పినా, పైన ఖాళీ కనపడగానే ఆ పిల్ల చేతులు వాటంతటవే లేచిపోతున్నాయి.

పోటీ పదకొండు రోజుల్లో ఉంది. కొబ్బరి చెట్టుకు కొత్త మట్ట రావాలంటే నెల పడుతుంది.

సూర్యప్రకాష్ గారు టీకొట్టుకు వెళ్ళడం మానేశారు. మోషే మొహం ఎలా చూడాలో తెలియలేదాయనకు. పెరటి అరుగు మీద కూర్చుని, కొట్టించిన మట్టల కుప్ప వైపు చూస్తూ ఉండిపోయేవారు. ఉమాదేవి ఆ అరుగు మీదే చిక్కుడుకాయలు ఒలుస్తూ పిల్లల ఆట చూసేది. మట్టలు ఎండి అంచులు రాగి రంగు తిరుగుతున్నాయి. వాటిని చూస్తుంటే ఆయనకు తమ పెళ్ళి పందిరి గుర్తొచ్చింది. మామగారి వాళ్ళు ఎంత కిందకి వేశారంటే, పెళ్ళికొడుకు తల వంచుకునే లోపలికి రావలసి వచ్చింది. తెర అవతల ఉమాదేవి కిసుక్కుమనడం ఆయనకు వినపడింది కూడా.

ఆయన గబుక్కున లేచి చెప్పులేసుకున్నారు.

మర్నాడు ఏలీయా, ఇంకో ఇద్దరు వెదురు గడలు పాతేరు. అడ్డంగా, నిలువుగా కొబ్బరి తాళ్ళు కట్టేరు. వాటి మీద ఆ కొట్టేసిన మట్టలే పరిచేరు. పాత కప్పు ఎంత ఎత్తులో ఉండేదో కనకరత్నం కర్ర పెట్టి చూపించింది. పక్కింటి బుచ్చమ్మ గోడ మీంచి తొంగి చూసి, “పందిరాండీ అన్నయ్యగారూ?” అని అడిగింది.

“ఆయ్, పందిరేనమ్మా. అర్జంటు,” అన్నారాయన, తాడు ముడి మీంచి కళ్ళు తిప్పకుండా.

అంతే. సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. కిరాణా కొట్టువాడు బెల్లం ఎంత కావాలని అడిగేడు. మంగళవాయిద్యాలవాళ్ళు ముహూర్తం కనుక్కోవడానికి మనిషిని పంపేరు. అందరికంటే వెనక సత్యం వచ్చేడు, మొహం చిన్నబుచ్చుకుని.

“ఈ వయసులో తోడు కావాలనుకోవడం తప్పు కాదండి బావగారూ. కానీ నాకు మాట మాత్రమైనా చెప్పలేదు. పిల్లెవరండీ?”

“ఒక్కత్తి కాదయ్యా, పన్నెండు మంది,” అన్నారు సూర్యప్రకాష్ గారు. “రేపు నాలుగింటికొచ్చి చూసుకో.”

సత్యం వచ్చి చూసేడు. పందిరి కింద ఆట నడుస్తోంది. మొదటి అరగంట బంతులన్నీ పోయి మట్టలకే తగిలేయి. తర్వాత తగలడం తగ్గింది. అతను చాలాసేపు నిలబడి, “ఆ సలహా నాదేనని కనకరత్నం గారికి తెలుసాండీ?” అని గొంతు తగ్గించి అడిగేడు. “తెలీదు,” అన్నారాయన. మర్నాటి నుంచి సత్యమే దగ్గరుండి పందిరి వాలిపోకుండా తాళ్ళు బిగించేవాడు.

ఫైనల్సు రోజు మోషే కొట్టు మూసేశాడు. అమలాపురం గ్రౌండులో చెట్టన్నది లేదు. నెట్టు మీద అంతా ఆకాశమే. కొత్తపేట పిల్లలు నిజంగానే పొడుగు. మొదటి సెట్టు చూస్తుండగానే పోయింది. సాయిదుర్గ మళ్ళీ పైకే లేపుతోంది. జనం వెనక మోషే చూడలేక ఆటకు వీపు పెట్టి నిలబడ్డాడు.

విరామంలో సూర్యప్రకాష్ గారు నల్ల గొడుగు పట్టుకుని నేరుగా పిల్లల దగ్గరికి నడిచేరు. సాయిదుర్గ తల మీద, చెయ్యెత్తితే తగిలేంత ఎత్తులో, గొడుగు విప్పి పట్టుకున్నారు.

“ఎండగా లేదుగా తాతగారూ?”

“ఎండ కోసం కాదమ్మా. పైన మన పందిరుంది. తగిలిందంటే సత్యం గారు కష్టపడి కట్టిన తాళ్ళు తెగిపోతాయి. ఆయన ఏడుస్తారు.”

ఆ పిల్ల నవ్వింది. పక్కన రేచల్ కూడా నవ్వింది. రిఫరీ విజిలేసి, “ఆ గొడుగాయన బయటికి రండి,” అన్నాడు.

రెండో సెట్టులో మూడో బంతి నెట్టు మీద మూరెడే లేచింది. కొత్తపేట పిల్లలు గెంతేసరికి అది వాళ్ళ వెనక నేలను తాకేసింది. ఆ సెట్టు మనది. మూడోది చివరిదాకా సమానంగా నడిచింది.

“ఏమైందండీ?” అని మోషే వెనక్కి తిరక్కుండానే సూర్యప్రకాష్ గారిని అడుగుతున్నాడు.

“ఇంకొక్క పాయింటుంది. బంతి మనవైపు వచ్చింది. సాయిదుర్గ చేతుల్లో... తక్కువగానే లేపింది మోషే, తక్కువగానే!”

తర్వాతిది చెప్పక్కర్లేకపోయింది. సత్యం బల్ల మీదికెక్కి గెంతుతున్నాడు. ఎదురుగా కొత్తపేట వాళ్ళలో నిలబడ్డ బావమరిది తనను గుడ్లురిమి చూస్తున్న సంగతి అతనికి ఇంకా తెలియదు. మోషే మెల్లగా ఇటు తిరిగి, సూర్యప్రకాష్ గారి చేతిలోంచి గొడుగు తీసుకుని, జాగ్రత్తగా మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఇల్లు చేరేదాకా ఆయనకు తిరిగివ్వలేదు.

మర్నాడు ఏలీయా కత్తి పట్టుకుని వచ్చేడు.

“పందిరి విప్పెయ్యమంటారాండీ?”

“కాకినాడ ఆట కానీరా.”

గోడ మీంచి బుచ్చమ్మ అంతా విన్నది. “అయితే అన్నయ్యగారూ, ముహూర్తం వెనక్కి జరిపేరన్నమాట,” అంది.