ఆర్లీన్ అత్తకి ఖర్చు కట్టిన వారం

వాషింగ్టన్‌లో కొత్త చట్టాలకి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టే ఆఫీసొకటుంది. దాని కింది అంతస్తులో కాఫీ అమ్మే రూఫస్‌ని నేనే. నా కాఫీ తాగితే చచ్చినోడు లేచి చిల్లర అడుగుతాడు. అదంటే గొప్పలనుకోండి, ఇది మాత్రం కళ్లారా చూసింది.

గలీనా ఫోర్క్ అనే ఊళ్లో సీసం కరిగించే ఫ్యాక్టరీ పొగ పీల్చి జబ్బుపడ్డ వాళ్లలో ఇరవై ముగ్గురే మిగిలారు. వాళ్ల మందులకి మనిషికి ఏడాదికి లక్ష డాలర్లు సర్కారే కట్టాలని బిల్లు పెట్టారు. నన్ను పెంచిన ఆర్లీన్ అత్త ఆ ఇరవై ముగ్గురిలో ఒకతి.

ఆ లెక్క పై అంతస్తులో ఖర్చులు కట్టే థియోడోరా మేడమ్ చేతికొచ్చింది. పదేళ్లకి పది గడులు. ఏ ఏడు ఎంతమంది బతికుంటారో ఊహించి డబ్బు రాయాలి.

"అంటే మా అత్త ఎప్పుడు పోతుందో మీరు రాస్తారా మేడమ్?"

"ఫలానా మనిషని రాయం రూఫస్. తలకాయలు లెక్కేస్తాం, అంతే."

"ఆ తలకాయల్లో మా అత్తదీ ఉందిగా, టోపీతో సహా!"

సోమవారం మొదటి గడిలో ఇరవై మూడు లక్షలు వేసింది. మంగళవారం పొద్దున చూస్తే ఇరవై రెండు. తనే తప్పు కొట్టాననుకుని దిద్దింది. నేను కప్పు అందిస్తుండగానే, ఎవరూ ముట్టుకోకుండా, మూడు మెల్లిగా వంగి రెండయింది. మధ్యాహ్నం ఆ ఊరి నుంచి ఫోను: ముసలి హోమర్ స్ప్రేగ్ పోయాడట.

బుధవారం పదిహేడు. మధ్యాహ్నం ఫోనులో ఐదు పేర్లు. గురువారం కాగితం మీదే అచ్చు తీసి, అంకె మీద బొటనవేలు నొక్కిపెట్టి కూచుంది. వేలెత్తితే తొమ్మిది. ఆ వేలు ముట్టుకుంటే మంచుగడ్డలా ఉంది.

శుక్రవారం అంకే లేదు. నక్షత్రం గుర్తు. ఐదు లక్షల లోపైతే అంకె వెయ్యకుండా అదే పెట్టడం వాళ్ల పద్ధతి. అంటే నలుగురో, అంతకన్నా తక్కువో. వెంటనే అత్తకి ఫోన్ చేశాను.

"ఏంట్రా, పని లేదా? ఇక్కడ వీధిలో ప్రతి గుమ్మానికీ చావు గుర్తుగా నల్ల రిబ్బనే. నేనూ నా వంతుకి టోపీ ఇస్త్రీ చేసుకుంటున్నా."

ఇంతలో బిల్లు పెట్టిన చట్టసభ సభ్యుడి మనిషి గ్రేడీ ఊడిపడ్డాడు. నక్షత్రం చూసి ఎగిరి గంతేశాడు.

"బంగారం మేడమ్! ఇంత చవగ్గా ఉంటే ఎవడు కాదంటాడు? సంతకం పెట్టండి, మూడింటికి ఓటింగు!"

"ఎందుకు చవకో తెలుసా?"

"తెలిసేం చెయ్యాలి? చవకేగా!"

వాడలా తలుపు దాటగానే, ఇంకో తలకాయ తగ్గబోతున్నట్టు, నక్షత్రం ఒక కాలు మడుచుకుంది. మేడమ్ చూసింది, నేనూ చూశాను.

"మేడమ్, ఈ లెక్క పంపకండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"పంపకపోతే మందుల్లేవు రూఫస్. పంపితే మందులుంటాయి, మింగడానికి మనుషులుండరు."

 మేడమ్ పది గడులూ అడ్డంగా కొట్టేసి, పెన్నుతో ఒకే మాట రాసింది: 'చెప్పలేం.' ఆ ఆఫీసులో ఆ మాట రాయడమంటే వంటోడు ఉప్పెంత వెయ్యాలో తెలీదన్నట్టే, తలెత్తుకోలేరు. కానీ ఆ మాట కదల్లేదు. ఆ మధ్యాహ్నం ఫోనూ మోగలేదు.

ధర తెలీని బిల్లుకి ఓటెవడేస్తాడు? పడిపోయింది. మందులూ రాలేదు.

అది జరిగి పన్నెండేళ్లు. అత్త మాత్రం ఉంది. డాక్టరు నాడి పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుని "చెప్పలేం" అంటాడు. తూకం మీద నిలబడితే ముల్లు ఎక్కడా ఆగదు. అద్దం ముక్కు దగ్గర పెడితే ఒకసారి ఆవిరి పడుతుంది, ఒకసారి పడదు.

ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది.

"ఒరేయ్ రూఫస్, నిజం చెప్పు, నేను బతికే ఉన్నానంటావా?"

"మాట్లాడుతున్నావుగా అత్తా!"

"అదే నా భయం. నాతోపాటు మిగిలిన ముగ్గురూ కూడా ఇలాగే ఫోన్లో మాట్లాడుతున్నారు, వాళ్ల ఇళ్లేమో ఎప్పుడో కూల్చేశారు."