బుచ్చవ్వ ఇంటి మైనం గొట్టం

నాకు ఓపిక తక్కువ. మా ఆవిడ అమ్మడు ముప్పయ్యేళ్లుగా ఈ మాట అంటూనే ఉంది, నేను ముప్పయ్యేళ్లుగా ఆమె మీద విసుక్కుంటూనే ఉన్నాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

రిటైరై శామీర్‌పేటలో ఇల్లు కట్టుకున్నాక నాకు పాత ఫోనోగ్రాఫుల పిచ్చి ముదిరింది. ప్లేట్లు తిరిగే గ్రామఫోన్లు ఎవరింట్లోనైనా ఉంటాయి. నేను వెతుకుతున్నది అంతకంటే పాతది, మైనం గొట్టం మీద గొంతును గీసుకుని మళ్లీ వినిపించేది. దాని విడిభాగాలు అట్టపెట్టె నిండా పోగేశాను గానీ, అసలు యంత్రం ఒక్కటీ దొరకలేదు.

చెరువు నుంచి కొరమీను తెచ్చే భిక్షం ఒకరోజు మా హాల్లోని గ్రామఫోన్ బాకాలు చూశాడు.

"మా ఇంట్ల గిసొంటిదే ఉన్నది సార్. అండ్ల మా అమ్మమ్మ మాట్లాడ్తుండె" అన్నాడు.

చేపను గుమ్మంలోనే వదిలేసి అతని వెంట వెళ్లాను. భిక్షం తల్లి బుచ్చవ్వ, ఎనభై దాటిన మనిషి, పాత చీరలో చుట్టిన పెట్టెను నా ముందు విప్పింది. అసలు రంగు, అసలు కీ, గీత పడని బాకా.

"మా అమ్మ బంగ్లకు చేపలు ఇస్తుండె. ఆడి దొర గీ బాకల మాట్లాడమన్నడట. నాకు రెండేండ్లప్పుడు అమ్మ సచ్చిపోయింది. దొర ఊరిడిసి పోయేటప్పుడు పెట్టెను మా నాయినకిచ్చి పోయిండు" అంది బుచ్చవ్వ.

గొట్టంలో ఉన్నది నిమిషం సేపు మాటలేనట. "బుచ్చీ, ఓ బుచ్చీ, పొద్దుగూకింది, ఇంటికి రాయే" అని తల్లి పిలుపు. చివర సిగ్గుపడుతూ, "ఇగ సాలు దొరా, సాలు." తల్లి ముఖం గుర్తులేని బుచ్చవ్వకు తల్లి అంటే ఆ పిలుపే. ఏటా పెత్రమాసనాడు, పెద్దలకు విస్తరి వేసే రోజున, ఒక్కసారి మాత్రం తిప్పేవారు. ఫోన్లోకి ఎక్కించుకోవచ్చు కదా అన్నాను.

"పోయినోళ్లను ఏడాదికొక్కపారే పిలువాలె సారూ. రోజూ పిలిస్తె ఆళ్లకు శాంతేడిది?"

నిరుడు సూది ఉండే మూతి కిందపడి పగిలింది. పెత్రమాసకు తల్లి పలకలేదు. ఆ సంగతి చెబుతూ బుచ్చవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నేను పొయ్యేలోపల ఒక్కపారి ఇనిపియ్యి. నా తర్వాత గీ పెట్టె నీకే."

సరేనన్నాను. పెత్రమాస నాలుగు రోజులుందనగా, నాగారం నుంచి ఆదిత్య అనే కుర్రాడు భిక్షానికి ఫోన్ చేశాడు. వాడికీ నాలాంటి పిచ్చే. పండుగ మధ్యాహ్నం వచ్చి తానే బాగుచేస్తానన్నాడట. నాకు ఒళ్లు మండిపోయింది. పండుగనాడు పొద్దున్నే నా అట్టపెట్టె పట్టుకుని వాళ్లింట్లో వాలాను.

నా దగ్గరున్న మూతులు రెండే. ఒకటి వినిపించేది, ఒకటి గొంతును గీసేది. చూడటానికి కవలపిల్లలు. భూతద్దంలో సూది మొన చూస్తే తెలుస్తుంది: గుండ్రంగా ఉంటే వినిపించేది, పదునుగా ఉంటే గీసేది. పదిమందికి పాఠం చెప్పినవాణ్ణి. భూతద్దం ఇంట్లో మర్చిపోయాను. పది నిమిషాల్లో బండి మీద పోయి తెస్తానన్నాడు భిక్షం.

"అక్కర్లేదయ్యా, చేత్తో తడిమితే తెలిసిపోదూ?" అన్నాను.

బాకా ముందు విస్తరి వేసి అన్నం, చేపల పులుసు వడ్డించారు. కీ ఇచ్చి మూతిని గొట్టం మీద ఆనించాను. గొట్టం తిరిగింది. మాట రాలేదు. బుచ్చవ్వ బాకాలోకి వంగింది.

"అమ్మా, పలుకుతలేవేందే? నేను బుచ్చిని. పలుకే అమ్మా."

"కాసేపు నోరు మూసుకుంటావా ముసలమ్మా!" అని కసిరాను.

అప్పుడు చూశాను, మూతి కింద సన్నటి మైనం పొట్టు. కొబ్బరి తురుములా రాలుతోంది. గబుక్కున మూతి ఎత్తేశాను. అప్పటికే గొట్టం పొడవులో ముప్పాతిక వంతు గీసేసింది.

చేసిన తప్పు చెప్పాను. పెట్టింది గీసే మూతి అని, పాత మాటలు చెరిగిపోయాయని. భిక్షం గోడ వైపు తిరిగాడు.

"రెండోది పెట్టు" అంది బుచ్చవ్వ.

పెట్టాను. గరగరల మధ్య ఆమె గొంతే వచ్చింది. "అమ్మా, పలుకుతలేవేందే? నేను బుచ్చిని. పలుకే అమ్మా." ఆ వెంటనే నా గొంతు, నేను కసిరినట్టే, నోరు మూసుకోమని. ఆ తర్వాత టక్కుమని ఒక శబ్దం. నా సూది తగలని చివరి ముక్కలోంచి, పడుచు గొంతు ఒకటి స్పష్టంగా అంది:

"ఇగ సాలు దొరా, సాలు."

గొట్టం ఆగిపోయింది. బుచ్చవ్వ ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. తిడితే బాగుండేది. గొట్టాన్ని డబ్బాలో పెట్టి, పెట్టె మూత వేసి, పాత చీరలో రెండిటినీ కలిపి మూటకట్టింది.

"నా గొంతు నాకు రోజూ ఇనవడ్తనే ఉంటది. తీస్కపో సారూ" అంది.

"నీ తర్వాత కదమ్మా అన్నావు..."

"బుచ్చీ అని పిలిసేటామె లేదు. ఇగ బుచ్చి యాడున్నది?"

మూట నా వైపు జరిపింది. నేను వద్దనాలి. వద్దని అక్కడే పెట్టి రావాలి. తెచ్చుకున్నాను.