మోరెల్ వారి ఆనవాయితీ

రాజకుమారిది యానాం. ఇంటిపేరు మోరెల్. తిరుమలేష్‌దీ యానామే, ఇంటిపేరూ మోరెలే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి పిచ్చెక్కుతుందని లోకమంతా వణికిపోతున్న రోజుల్లో, మౌసు పట్టడం వచ్చిన ప్రతివాణ్ణీ సింగపూర్ విమానం ఎక్కించేశారు. అలా వచ్చిన వీళ్ళిద్దరి ఇంటిపేరూ చూసి రాఫెల్స్ ప్లేస్ ఆఫీసువాళ్ళు మొగుడూ పెళ్ళాలనుకుని సామాన్లకి ఒకే బీరువా ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ మాట నిజం చేద్దామనుకున్నారు ఇద్దరూ. తిరుమలేష్ తల్లి కోటేశ్వరి మాత్రం అదే ఇంటిపేరు విని, అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేమిటని కొట్టిపారేసింది.

తిరుమలేష్ అన్నం మానేసి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. రాజకుమారి అలాంటిది కాదు. వరద గోదారి అడ్డమొస్తే పక్కకి జరగమనే రకం. ఆ ఆదివారమే సెరంగూన్‌లో తల్లీకొడుకులుండే ఫ్లాట్‌కి వెళ్ళి, ఆంటీ, మీకు మోరెల్ పేరు ఎలా వచ్చిందని అడిగింది.

కోటేశ్వరికి అంతకంటే ఇష్టమైన ప్రశ్న లేదు. తన మొగుడి ముత్తాత, కోరింగ మడ అడవిలో మొసలి నోట్లోంచి మోరెల్ దొరని లాగాడట. దొర మీసాలు ఎంత పొడుగంటే, మొసలి మింగేసినా అవి మాత్రం బయటే ఉన్నాయట. వాటినే పట్టుకుని లాగాడట. దొర మురిసిపోయి తన పేరే రాసిచ్చాడట.

రాజకుమారి ఫోన్ కార్డు కొని యానాంలో నానమ్మ కమలాదేవిని అడిగింది. ఆవిడ చెప్పింది వేరు. ఫ్రెంచివాళ్ళ కాలంలో, మా కులకట్టు వద్దు, మీ చట్టమే చాలని సంతకం పెట్టినవాళ్ళు కొత్త ఇంటిపేరు ఎంచుకోవాలట. పేర్లు తోచక, రేవులో దిగిన సారా పీపాల మీద కనబడిన మోరెల్ అనే పేరునే నలుగురైదుగురు తీసుకున్నారట. ఒకరికొకరు చుట్టాలే కారట.

తర్వాతి ఆదివారం ఈ మాట చెబితే కోటేశ్వరి మండిపడింది. "పీపా చూసి పేరెట్టుకునే కొంపనుకున్నావా మాది? మొసలినడుగు, చెప్తాది."

మొసలి సాక్ష్యానికి రాదు. అయినా రాజకుమారి తగ్గలేదు. మళ్ళీ ఆదివారం పొద్దున్నే టెక్కా బజారులో ఏనుగు తలంత బూడిద గుమ్మడికాయ కొంది. బస్సులో దాన్ని పక్కన కూర్చోబెడితే ఒక ముసలాయన దానికి చోటిచ్చి లేచి నిలబడ్డాడు. వడియాలు పెట్టడానికి రోజంతా పడుతుంది, రోజంతా మాట్లాడితే ఎంత రాయైనా కరుగుతుందని ఆమె లెక్క.

ఫ్లాట్‌లో కత్తిపీట వేసి కూర్చోగానే కోటేశ్వరి పరుగున వచ్చి కాయ లాక్కుంది.

"అమ్మాయ్, ఆపు. మా ఇంట్లో వడియాలు పెట్టే ఆనవాయితీ లేదు. కాపరానికొచ్చిన రోజే మా అత్త చెప్పింది. ముత్తాతల నాటి నుంచీ లేదు. పెడితే కీడు."

రాజకుమారి కత్తిపీట మీంచి నెమ్మదిగా లేచింది.

"మా ఇంట్లో ఏటా పెడతారండి. మా ముత్తాతల నాటి నుంచీ."

"మీవాళ్ళు తప్పారేమో."

"మా నానమ్మ మొగుడి మాటైనా తప్పుద్ది గానీ ఆనవాయితీ తప్పదండి. ఒకింటోళ్ళమే అయితే, మీకు లేంది మాకెక్కడిది? పేరంటే ఎవరైనా ఎవరికైనా ఇచ్చుకుంటారు. ఇదెవరిస్తారు ఆంటీ?"

కోటేశ్వరి గుమ్మడికాయని ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూలబడింది. ఇంటిపేరు తప్పు కావచ్చంటే ఒప్పుకుంటుందేమో గానీ, అత్తగారు చెప్పిన ఆనవాయితీ తప్పంటే ఆమె ప్రాణం ఒప్పుకోదు. అది నిజమైతే ఈ పిల్ల వేరే ఇంటిదే. ఎటు తిప్పినా అంతే. తిరుమలేష్ వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

ఆఖరికి కోటేశ్వరి కాయని రాజకుమారి చేతిలో పెట్టింది.

"ఇది నీ రూముకి పట్టుకుపోయి పెట్టుకో. పెళ్ళి లోపలే తినెయ్. ఈ గుమ్మం తొక్కాక వడియం పేరెత్తితే ఊరుకోను."

రాజకుమారికి వడియాలంటే ప్రాణం. ఒక్క క్షణం కాయ వైపు చూసింది, ఒక్క క్షణం తిరుమలేష్ వైపు చూసింది.

"అలాగేనండి అత్తయ్యగారూ," అంది.