మాటిచ్చేసిన టెలిస్కోపు

బీరువా మీద దుమ్ము దులుపుతుంటే ఆ పెట్టె జారి నా భుజం మీద పడింది. మా ఆయనకి ఆఫీసులో ఇచ్చిన బహుమతి అది. వాళ్ళ ఇన్సూరెన్స్ కంపెనీలో ఆ ఏడాది ఎక్కువ పాలసీలు చేయించినవాళ్ళకి తలా ఒకటి ఇచ్చారు. ఇంటికి తెచ్చిన రోజు పెట్టె మీద బొమ్మ చూసి, "టెలిస్కోపట! మిక్సీ ఇచ్చినా పనికొచ్చేది," అన్నాడు. అంతే, బీరువా ఎక్కించాడు. మళ్ళీ దాని ఊసే ఎవరూ ఎత్తలేదు.

పగిలిందేమోనని భయం వేసి విప్పాను. మా ఇంట్లో ఏది పగిలినా అందరూ ముందు నా చేతుల వైపే చూస్తారు. లోపల సన్నటి పొడుగాటి తెల్ల గొట్టం, దాని చివర అరచేతిలో పట్టేంత అద్దం, మూడు కాళ్ళ స్టాండు. చూడ్డానికి అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలిగా. ఎలాగూ మేడమీద ఆరేసిన బట్టలు తియ్యాలి. పెట్టెలో ఇచ్చిన కాగితంలో బొమ్మలు చూసుకుంటూ బిగించి, పైకి పట్టుకెళ్ళాను.

సాయంత్రం. వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. సగం చంద్రుడు అప్పుడే నడినెత్తి మీదున్నాడు. మొదట ఎదురింటి నీళ్ళ ట్యాంకు కనిపించింది, దాని మీది అక్షరాలు కుడి ఎడమా తారుమారై. తర్వాత ఉత్త నీలం. తర్వాత కంట్లోకి ఒక్కసారిగా వెలుగు దూసుకొచ్చింది. పక్కనున్న మర మెల్లగా తిప్పాను. వెలుగంతా దగ్గరికి ముడుచుకుని, ముడుచుకుని, గట్టిపడి చంద్రుడైంది.

నాకు తెలిసిన చంద్రుడు కాదు. సున్నం గోడ పెచ్చులూడినట్టు గుంటలు. వెలుగూ చీకటీ కలిసే చోట ప్రతి గుంటలోనూ నీడ. చీకటి వైపు, అన్నిటికీ దూరంగా, ఒంటరిగా ఒక్క చుక్క వెలుగుతోంది. ఏదో కొండ కొన అయ్యుంటుంది. దాని కింద కొండంతా ఇంకా చీకట్లోనే ఉంది. చంద్రుడి అంచు చుట్టూ సన్నగా ఊదారంగు గీత. చూస్తుండగానే చంద్రుడు పక్కకి జరిగిపోతున్నాడు. వేలితో గొట్టాన్ని కాస్త నెడితే మళ్ళీ మధ్యలోకి వస్తున్నాడు. జరిగేది ఆయన కాదు, నేను నిలబడ్డ మేడ, ఊరు, నేల మొత్తం తిరుగుతున్నాయని అర్థమయ్యేసరికి పిట్టగోడ పట్టుకున్నాను. ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలీదు. చంకలో తువ్వాళ్ళ మూటతో నిలబడి ఏడ్చేంత కష్టం ఆ రోజు నాకేమీ జరగలేదు.

ఆ తర్వాత రోజూ ఎక్కడం మొదలుపెట్టాను. పళ్ళ డాక్టరు గారి క్లినిక్కులో రిసెప్షన్ నాది. రోజంతా పంటి నొప్పితో వచ్చేవాళ్ళ విసుగు నా మీద పడి, చల్లారాక లోపలికి వెళ్తుంది. డాక్టరు గారు ఈ మధ్య నా కుర్చీ తీయించేశారు. "కూర్చుని ఉంటే బద్ధకంగా కనిపిస్తుందమ్మా, నిలబడి నవ్వుతూ పలకరించు," అన్నారు. నలభై దాటిన నన్ను వచ్చినవాళ్ళకి "మా అమ్మాయి" అని పరిచయం చేస్తారు. ఆయనకి కాఫీ కలపడం నా ఉద్యోగంలో ఎప్పుడు చేరిందో నాకు గుర్తులేదు. ఇంటికొచ్చి, పొయ్యి ముట్టించే లోపల కాసింత సమయం ఉంటుంది. బట్టలు తియ్యడానికని అందరూ నాకు వదిలేసిన సమయం. అందులోనే గొట్టం పెట్టేదాన్ని.

ఎన్ని చూశాననుకున్నారు! శుక్రుడు పొద్దువాలాక పడమట దీపంలా ఉంటాడా, గొట్టంలో చూస్తే బుల్లి నెలవంక. గురుడి పక్కన నాలుగు చుక్కలు, నిన్న ఇటున్నది ఇవాళ అటు. మామూలుగా ఒంటిగా కనిపించే ఒక నక్షత్రం రెండుగా విడిపోయి, ఒకటి బంగారు రంగు, ఒకటి నీలం. వాటిని వెతుక్కోవడంలోనే సగం సంతోషం. చాలాసార్లు దొరికేవి కావు. మెడ పట్టేసేది. దొరికినప్పుడు మాత్రం నోట్లోంచి "ఆఁ" అని ఒక శబ్దం వచ్చేది. అది నా గొంతేనా అనిపించేది.

ఇది భక్తా అంటే కాదు. చదువా అంటే, గ్రహాల దూరాలు చెప్పమంటే నాకు ఒక్కటీ రాదు. మరేమిటి? "అమ్మా, నీకు డిప్రెషనేమో, ఒంటరిగా ఉండాలనిపించడం అందులో ఒక లక్షణం," అంది మా అమ్మాయి, ఫోనులోంచి తలెత్తకుండానే. నిజమేనేమోనని రెండు రోజులు భయపడ్డాను. "బట్టలు తియ్యడానికి ఇంతసేపా? ఒంటికన్నుతో ఆ గొట్టంలో ఏం వెతుకుతావమ్మా?" అంది మా అత్తగారు. నాలుగు రోజులయ్యాక ఆవిడే మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. కన్ను ఆనించి చాలాసేపు చూసింది. "ఇన్ని గుంటలా! అయ్యో పాపం," అంది చివరికి, చంద్రుడెవరో దూరపు చుట్టమైనట్టు. అప్పట్నించి నేను కిందికి దిగగానే, "ఇవాళ ఎంత పెరిగాడు?" అని అడిగేది.

మా ఆయనకి ఈ సంగతి తెలిసి కోప్పడితే నాకింత తికమక ఉండేది కాదు. ఆయన సంతోషించాడు. అదే నాకు కొరుకుడు పడలేదు. "మా ఆవిడ సైంటిస్టు అయిపోయింది," అని ఆఫీసులో చెప్పుకున్నాడు. ఒక శనివారం సాయంత్రం వాళ్ళ మేనేజరు గారినీ, ఆయన భార్యనీ, ఇంకో ఇద్దరు స్నేహితుల్నీ పిలిచాడు. "శనిగ్రహం చుట్టూ వలయం కనిపిస్తుందటగా, అది చూపిద్దాం. నువ్వు సెట్ చేసి పెట్టు చాలు. తినడానికి వేడివేడిగా ఏదైనా చెయ్యి."

సెట్ చేశాను. నిజం చెప్పొద్దూ, నాకూ ఉత్సాహంగానే ఉంది. నా చుక్కల్ని నలుగురికి చూపించాలనే ఉంది. శనిని పట్టి మధ్యలో నిలిపి, వంటింట్లోకి దిగి, పొయ్యి మీద నూనె పెట్టాను. బూరెల మూకుడులో మొదటి వాయి వేశానో లేదో, మెట్ల మీంచి కేక. "ఏమోయ్, పోయింది! ఏమీ కనపట్లేదు. ఒకసారి రా!"

పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుంటూ ఎక్కాను. శని పక్కకి జరిగిపోయాడు, అంతే. మళ్ళీ మధ్యలోకి తెచ్చి, "వేలితో మెల్లగా నెడుతూ ఉండాలండీ," అని చెప్పి దిగాను. రెండో వాయి వేశాను. మళ్ళీ కేక. ఈసారి ఎవరో స్టాండుకి తగిలారు. మళ్ళీ ఎక్కాను, వెతికాను, నిలబెట్టాను. దిగేసరికి వాయి మాడింది. అలా ఎన్నిసార్లో. నేను పైకొచ్చిన ప్రతిసారీ అందరూ దారిచ్చేవాళ్ళు, ఫ్యూజు పోతే వచ్చిన కరెంటు మనిషికి దారిచ్చినట్టు. బాగు చేశాక మళ్ళీ నా ముందు ఆ దారి మూసుకుపోయేది. ఒకసారి మేనేజరు గారి భార్య పక్కకి జరిగి, "మీరూ చూడండి," అంది. నేను వంగబోయేలోపల మా ఆయన నవ్వుతూ, "తను రోజూ చూసేదేగా, మీరు కానివ్వండి మేడమ్. ఇదిగో, ప్లేట్లు ఖాళీ అయ్యాయి," అన్నాడు.

ఆ సాయంత్రం శనిని నేనే ఎన్నోసార్లు వెతికి పట్టాను. ఒక్కసారైనా నిదానంగా చూడలేదు. అందరూ వెళ్ళాక గిన్నెలు తోముతూ ఆలోచించాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అందరూ మెచ్చుకున్నారు కూడా. మరి నాకీ కష్టం దేనికి? నాది అల్పబుద్ధేమో. ఇంటికొచ్చినవాళ్ళ మీద అసూయేమిటి, అదీ ఆకాశం గురించి?

మర్నాడు పొద్దున మా ఆయన ఫోను పట్టుకుని వచ్చాడు. "నిన్న నిన్ను తెగ తిప్పాను కదూ, పాపం. దీనికో మార్గం కనిపెట్టాను. ఇది చూడు, పెద్ద టెలిస్కోపు. మోటారుంది. పేరు నొక్కితే చాలు, అదే వెతుక్కుంటుంది, అదే దాని వెనకాల తిరుగుతుంది. బొమ్మ నేరుగా మన టీవీలో వస్తుంది. నువ్వు మేడెక్కక్కర్లేదు, వంట చేసుకుంటూ చూడొచ్చు. నీకోసమే ఆర్డరు పెట్టేశాను."

ఆయన మొహంలో నిజంగానే ప్రేముంది. నాకు అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఇప్పుడున్నదాంట్లో అంచున ఊదారంగు వస్తుంది చూశావా, అది నాసి అద్దం లోపమట. కొత్తదాంట్లో ఉండదు," అన్నాడు. ఆ గీత చంద్రుడిదేననుకున్నాను ఇన్నాళ్ళూ. సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఎవరో మనవాళ్ళని తక్కువ చేసి మాట్లాడితే పొడుచుకొచ్చే రోషం కూడా వచ్చింది. గొట్టం కోసం రోషమా? ఏమో.

"మరి ఇది?" అన్నాను.

"మేనేజరు గారి అమ్మాయికి ఇస్తానని మాటిచ్చాను. నిన్న మేడమ్ తెగ ముచ్చటపడింది. ప్రమోషను లిస్టు పంపేది ఆయనే కదా, మనకీ మంచిది. వచ్చే ఆదివారం సాయంత్రం డ్రైవర్ని పంపిస్తారు."

"ఊఁ," అన్నాను. ఏ మాటకైనా ముందు నాకొచ్చేది ఆ ఊఁ ఒక్కటే.

ఆ వారమంతా నాలో నేనే వాదించుకున్నాను. కొత్తది దీనికన్నా ఎన్నో రెట్లు మంచిది. క్లినిక్కులో నర్సుకి చెప్తే, "అదృష్టవంతురాలివి. మా ఆయన నాకు కుక్కరు కొనడానికే ఏడాది ఆలోచించాడు," అంది. నిజమే కదా. మెడనొప్పి ఉండదు, చలి ఉండదు, వెతుకులాట ఉండదు. అవేవీ లేకపోతే ఇక మిగిలేది ఏమిటని నాకు నేనే అడుగుతున్నాను. అంతా మిగుల్తుంది కదా, గ్రహాలన్నీ అక్కడే ఉంటాయి కదా అని మళ్ళీ నేనే జవాబు చెప్పుకుంటున్నాను. ఒక అపాయింట్‌మెంటు ఇద్దరికి ఇచ్చాను. డాక్టరు గారి కాఫీలో పంచదార వేశానో లేదో గుర్తురాక రెండుసార్లు వేశాను. అత్తగారిని అడిగాను, "ఏం చెయ్యనత్తయ్యా?" అని. ఆవిడ కాళ్ళకి నూనె రాసుకుంటోంది. "ఇచ్చెయ్యమ్మా. వాడి ఉద్యోగం సంగతి," అంది. తర్వాత, "నాకైతే ఆ టీవీలో చూసేది నచ్చదు," అని కూడా అంది. రెండూ ఒకే గొంతుతో అంది. ఏది పట్టుకోవాలో నాకు తెలీలేదు.

ఆదివారం మా ఆయన గొట్టాన్ని శుభ్రంగా తుడిచి పెట్టెలో పెట్టాడు. స్టాండు కాళ్ళు మడిచాడు. నేనే టేపు కత్తిరించి అందించాను. అప్పుడు ఆగిపోయాడు.

"కంటి దగ్గర పెట్టి చూస్తామే, ఆ చిన్న అద్దాల గొట్టం ఏదీ? అది లేకపోతే ఇది ఉత్త పైపు."

వెతికాం. నేను మనస్ఫూర్తిగానే వెతికాను, ఇది ఒట్టు. మేడమీద పిట్టగోడ వెంబడి, బట్టల క్లిప్పుల బుట్టలో, బీరువా కింద, అత్తగారి మందుల డబ్బాలో. మా అమ్మాయి సోఫా దిండ్లు ఎత్తి చూసింది. "ఒక వస్తువు పెట్టిన చోట ఉండదు ఈ కొంపలో," అని మా ఆయన విసుక్కుంటుంటే, "ఇక్కడే ఎక్కడో ఉంటుందండీ," అని నేనే సర్దిచెప్పాను. ఇంతలో కాలింగ్ బెల్లు మోగింది. డ్రైవరు గుమ్మంలో చెప్పులు విప్పబోతుంటే, "ఒక్క నిమిషం బాబూ," అని కుర్చీ చూపించాడు మా ఆయన. చెమట తుడుచుకోవడానికని నేను నా హ్యాండుబ్యాగులోంచి చేతిరుమాలు లాగాను. బరువుగా వచ్చింది. విప్పితే, అందులో నల్లగా, బొటనవేలంత, ఆ అద్దాల గొట్టం.

ఎప్పుడు పెట్టాను? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. రుమాలు మడత నాదే. గీతలు పడకుండా నాలుగు పొరలు చుట్టింది కూడా నేనే అయ్యుండాలి, ఇంకెవరు చుడతారు? పైకి "ఊఁ" అంటూ, టేపు అందిస్తూ, అందరితో కలిసి వెతుకుతూ, లోపల్లోపల నేను ఇంకేదో పని చేసుకున్నానన్నమాట. నాకు తెలీకుండా. భయమేసింది. ఎవరీ మనిషి నాలో, నాకు చెప్పకుండా నా వస్తువు దాచింది?

"దొరికిందా?" అన్నాడు మా ఆయన, నా చేతి వైపు చూసి. "హమ్మయ్య. ఇలా తే."

చెయ్యి చాపి ఉన్నాడు. అత్తగారు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. నేను రుమాలు మళ్ళీ చుట్టాను.

"ఇది ఇవ్వనండీ," అన్నాను.

గట్టిగా అనలేదు. ఆయనకి వినపడలేదేమో అనుకున్నాను. వినపడింది.

"ఏమిటి వేళాకోళం? బయట మనిషి కూచున్నాడు. కొత్తది నీకే కదా తెస్తున్నాను!"

"అది మీరు ఉంచుకోండి. మీ స్నేహితులకి బాగుంటుంది. ఇది నాకు కావాలి."

"మాటిచ్చానే!"

"నన్నడిగి ఇవ్వలేదుగా."

ఆయన గొంతు తగ్గించాడు. కోపంతో కాదు, నిజంగా అర్థంకాక. "సరే, ఒక్క కారణం చెప్పు. సబబుగా ఉంటే నేనే వాళ్ళకి సర్దిచెప్తాను. ఎందుకు?"

కారణం కోసం వెతికాను. వారం రోజులుగా వెతుకుతూనే ఉన్నాను. నోటికి వచ్చినవన్నీ ఆయన ఒక్క మాటతో కొట్టిపారెయ్యగలిగేవే. పెళ్ళైనప్పట్నించీ సరైన కారణం దొరక్క నేను ఒప్పేసుకున్నవి ఎన్నో ఉన్నాయని అప్పుడు తట్టింది. రుమాలు బ్యాగులో పెట్టి జిప్పు లాగాను.

"ఎందుకో నాకూ తెలీదండీ," అన్నాను. "అయినా ఇవ్వను."