జింకు రేకు మీద అమ్మ

వీధిలో అతన్ని అందరూ పొగరాయుడనే పిలిచేవారు. జింకు రేకుల మీద బొమ్మలు గీసి, యాసిడ్‌లో ఉంచి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీయడం అతని పని. కిటికీలోంచి ఘాటు వాసన వస్తే చాలు, పక్కింటావిడ ఆరేసిన బట్టలు లోపలికి లాక్కుంటూ శాపనార్థాలు పెట్టేది. పనిమంతుడని మాత్రం ఆవిడే ఒప్పుకునేది.

ఇరవై ఏళ్లలో ఎవరెవరి ముఖాలో గీశాడు గానీ, కన్నతల్లి ముఖం గీయాలన్న బుద్ధి పుట్టలేదు. ఆమెకు చూపు సన్నగిల్లుతోందనీ, నెల దాటితే చెప్పలేమనీ డాక్టరు అన్నాక పుట్టింది.

"నువ్వు గీసిన నా మొహం ఒక్కసారి చూసుకోవాలనుందిరా," అందామె.

మూడు రోజులు కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ, నోరు ఊరుకుంటేనా! కోడలి మీద వేళాకోళాలు, కొడుకు చిన్నప్పటి చిల్లర దొంగతనాలు. రేకు మీది మైనం పూతను సూదితో గీస్తూ అతనూ నవ్వాడు. నవ్వబోయి ఆపుకున్న ఆ పెదవులు గీతల్లో అచ్చంగా దిగాయి.

ఇక యాసిడ్ పని. పలచటి యాసిడ్‌లో రేకు ఉంచితే, మైనం పోయిన చోటల్లా జింకు కరుగుతూ గీతల వెంట సన్నటి గాలి బుడగలు లేస్తాయి. వాటిని ఈకతో తుడుస్తూ ఉండాలి, లేకపోతే గీతలు గతుకులవుతాయి. గంటలు పట్టే పని. అతనికేమో సాయంత్రానికల్లా అమ్మకి చూపించాలన్న ఆత్రం.

"అంత చిక్కటిది పోయకండి," అంది భార్య.

"నాకు నేర్పుతావా?" అని సీసా వంచేశాడు.

తొట్టె కుతకుతలాడింది. గోధుమరంగు పొగ లేచి గదంతా కమ్మేసింది. ఇద్దరూ దగ్గుతూ పెరట్లోకి పరుగెత్తారు. పొగ పోయాక వచ్చి చూస్తే, వేడికి మైనం లేచిపోయి, ముఖం ఉండాల్సిన చోట గుంట మిగిలింది.

"ఏమైందిరా?" అని వసారాలోంచి తల్లి అడిగింది.

తొందరపడ్డానమ్మా అంటే సరిపోయేది. కానీ భార్య ఎదురుగా ఉంది, అహం అడ్డొచ్చింది.

"నువ్వు కుదురుగా ఉంటేగా! అలా కదిలితే బొమ్మ ఎలా వస్తుంది?"

భార్య అతని వంక ఒక్క చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"అయ్యో, నా వల్లేనా! నా నోటికి తాళం వెయ్యాలి," అంది తల్లి.

మర్నాడు మళ్ళీ కూర్చుంది. ఈసారి మాట లేదు. రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుని, ఊపిరి కూడా చూసి చూసి తీసుకునేది. ఈగ వాలినా తోలలేదు. "మాట్లాడమ్మా, ఫర్వాలేదు," అని అతను బతిమాలితే తలైనా ఊపలేదు. నిజం చెప్పేద్దామని రోజూ అనుకున్నాడు, రోజూ రేపటికి వాయిదా వేశాడు.

ఈసారి యాసిడ్ పలచగా కలిపాడు. ఒక్కో బుడగనీ ఈకతో తుడిచాడు. వంక పెట్టడానికి లేకుండా వచ్చింది రేకు. అచ్చు తీస్తే ఉన్నది ఉన్నట్టు దిగింది: బిగబట్టిన పెదవులు, తప్పు చేసిన పిల్లలా బెదిరిన కళ్ళు. తన అబద్ధాన్నే అచ్చు తీశానని అతనికి తెలిసిపోయింది.

డాక్టరు చెప్పిన నెల నిండకముందే ఆమె కంటికి వెలుతురు తప్ప ఏదీ ఆనడం లేదు. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చాలాసేపు వెతికింది.

"నాకు కనబడట్లేదులే, నువ్వే చెప్పు. ఈసారి కదల్లేదు కదరా నేను?"

తప్పు నీది కాదమ్మా అన్న మాట గొంతు దాకా వచ్చింది.

"లేదమ్మా, అస్సలు కదల్లేదు," అన్నాడు.