సంచి మొక్కలు

"సంచి చించొద్దు! ఎన్నిసార్లు చెప్పాలి మీకు? సంచితో సహా గుంటలో దించండి, పైన మట్టి కప్పండి, అంతే!"

పొద్దుటి నుంచి అరిచి అరిచి మేస్త్రి గొంతు బొంగురుపోయింది. ఎండ నడినెత్తికొచ్చింది. ఒకప్పుడు పెద్దకొండ ఉన్న చోట ఇప్పుడు గనిలోంచి తవ్విపోసిన మట్టిదిబ్బ ఉంది. దాని వాలు మీద నలభై మంది ఆడవాళ్లు నడుములు వంచి పని చేస్తున్నారు. సాయంత్రం నాలుగింటికి పెట్టుబడి సంస్థ నుంచి తనిఖీకి మనిషి వస్తోంది. ఆలోగా మూడు వేల మొక్కలు నిలబడాలి. నిలబడితే చాలు, బతకక్కర్లేదు.

బతకవు కూడా. ఆ మట్టిలో గడ్డిపరక మొలవదని కంపెనీకి తెలుసు, మేస్త్రికి తెలుసు, నీళ్ల ట్యాంకరు డ్రైవరుకి కూడా తెలుసు. మూడేళ్లుగా ఇదే తంతు. తనిఖీ ముందు రోజు నర్సరీ నుంచి మొక్కల్ని మోసుకొచ్చి పాతడం, ఫొటోలు అయ్యాక పీకి మళ్లీ నర్సరీలో పెట్టడం. సంచి చిరగకపోతే వేరుకి దెబ్బ తగలదు, అవే మొక్కలు మళ్లీ ఏడాదీ పనికొస్తాయి. ఇరుకు సంచిలో పెరిగి పెరిగి మూడేళ్లకి అవి మోకాలెత్తు కూడా దాటలేదు. ఈసారి వచ్చేది కొత్త మనిషనీ, చెప్పిన రోజు కంటే ఒక రోజు ముందే వస్తోందనీ నిన్న రాత్రి తెలిసి కంపెనీ వాళ్లకి కాళ్లూ చేతులూ ఆడలేదు. అందుకే ఈ పరుగు.

నర్సరీలో ఆడవాళ్లందరికీ పెద్దదిక్కు పెద్దక్క. రోజుకి మూడువందల ఎనభై కూలి, మిగతావాళ్ల కంటే ముప్ఫై ఎక్కువ. ఆ ముప్ఫై ఎందుకో అందరికీ తెలుసు. ఆమె చెట్ల తాత కూతురు, తనిఖీకి వచ్చినవాళ్లకి కంపెనీ ఆమెని చూపించుకుంటుంది.

అన్నాల వేళ ట్యాంకరు నీడన చతికిలబడినప్పుడు పెద్దక్క చిన్నగా చెప్పింది. "ఇక మీదట మట్టి తొక్కకండి. ఒదులుగా పోసి వదిలెయ్యండి."

"ఎందుకక్కా?" అంది ఆమె తోడికోడలు. ఆవిడ్ని ఊరంతా వాగుడుకాయ అంటారు. నిద్రలో కూడా నోరు మూతపడదని మొగుడే చెబుతాడు. "గాలొస్తే పడిపోవూ? పడిపోతే మేస్త్రి మన వీపు విమానం మోత మోగించడూ?"

"గాలి రాదు. వచ్చే ఆవిడ చేతికి బరువు తగలకూడదు."

వాగుడుకాయ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. ఆమెకి అర్థమైంది. జీవితంలో మొదటిసారి మాట రాక ఊరుకుంది. ఆ మధ్యాహ్నం పని ఎన్నడూ లేనంత చురుగ్గా సాగింది. ఆడవాళ్లకి ఇవాళైనా బుద్ధొచ్చిందని మేస్త్రి సంబరపడ్డాడు కూడా.

పెద్దక్క తండ్రి పోయిన నాటి నుంచి ఈ రోజు కోసమే బతుకుతోంది. ఇందులో దాపరికమేమీ లేదు, ఆమె మనసులో ఉన్నది పగే.

ఎనిమిదేళ్ల క్రితం కంపెనీ మనుషులు ఆమె తండ్రి దగ్గరికొచ్చి కింద కూర్చున్నారు. ఏ వాలులో ఏ చెట్టు పెరుగుతుంది, ఏది దేనికి మందు, ఏ చెట్టు కింద నీళ్లు పడతాయి అని అడిగారు. ఈ కొండల జనంలో ఒక పద్ధతుంది. చెట్టు గురించి అడిగినవాడికి తెలిసిందంతా చెప్పాలి. అడిగినవాడు పగవాడైనా సరే. బిడ్డకి జ్వరమొచ్చి పరుగెత్తుకొచ్చిన పగవాడికి ఏ ఆకు నూరాలో చెప్పకపోతే మనిషెలా అవుతాడు? తెలిసి తెలియదన్నవాడు వాళ్లలో ఇంతవరకూ లేడు. చెట్ల తాత పన్నెండు రోజులు వాళ్ల వెంట కొండంతా తిరిగి చెట్టు చెట్టునీ వేలు పెట్టి చూపించాడు. వాళ్లు కాగితం కప్పుల్లో టీ పోసిచ్చారు. అంతకు మించి ఆయన పుచ్చుకున్నది లేదు.

తర్వాత ఆయన బొమ్మతో ఒక పుస్తకం అచ్చయింది. స్థానికుల భాగస్వామ్యంతో, వారి సంపూర్ణ సమ్మతితో అని అందులో రాశారు. ఆ పుస్తకం చూసే, పచ్చదనానికి హాని జరిగే చోట పైసా పెట్టబోమని చెప్పుకునే ఆ పెట్టుబడి సంస్థ డబ్బు పెట్టింది. పద్నాలుగు నెలల్లో పెద్దకొండ నేలమట్టమైంది. ఊరిని చిన్నకొండ కిందికి తరిమారు. "వేలు పెట్టి చూపించి కొండని అమ్మేశాడు" అని సొంతవాళ్లే ఆయన మొహాన ఉమ్మేశారు. ముసలాయన అన్నం మానేశాడు. పోయినప్పుడు మోయడానికి నలుగురు మగవాళ్లు దొరకలేదు. పెద్దక్క, వాగుడుకాయ, మరో ఇద్దరు ఆడవాళ్లు కలిసి మోశారు.

ఇవాళ తనిఖీ గట్టెక్కితే చిన్నకొండ తవ్వడానికి కంపెనీకి డబ్బు వస్తుంది. ఇక ఊరు పోవడానికి ఇంకో కొండ లేదు.

సరిగ్గా నాలుగింటికి కారొచ్చింది. దిగినావిడకి నలభై ఏళ్లుంటాయి. పెద్ద కళ్లద్దాలు, మెడలో కెమెరా, చేతిలో పుస్తకం. వెనకే మేనేజరు, తెల్లచొక్కా నలగకుండా నడుస్తూ, నవ్వు చెరగనివ్వకుండా.

"చూడండి మేడమ్, మూడేళ్ల తోట. నూటికి తొంభై బతికాయి. మట్టి కొంచెం పేదది కాబట్టి ఎదుగుదల నెమ్మదిగా ఉంది. ఇదిగో, ఈవిడ మా చెట్ల తాతగారి అమ్మాయి. ఆయన అడుగుజాడల్లోనే నడుస్తోంది. చెప్పమ్మా, మేడమ్‌కి చెప్పు."

చెప్పాల్సింది నాలుగు వాక్యాలు. పొద్దున్న మేస్త్రి మూడుసార్లు వల్లె వేయించాడు. పెద్దక్క చేతుల మట్టి కొంగుకి తుడుచుకుంది.

"నేను చెప్తే ఏముందమ్మా. మీరే ఆ మొక్కని పట్టుకుని పైకి లాగండి."

"అయ్యో, చచ్చిపోదూ?" అందావిడ.

"చావదమ్మా. బతికుంటే కదా."

మేనేజరు నవ్వు కాస్త వంకర తిరిగింది. "వీళ్ల హాస్యం ఇలాగే ఉంటుంది మేడమ్, మనం అటు వెళ్దాం" అని చెయ్యి చాచాడు. కళ్లద్దాలావిడ అటు వెళ్లలేదు. వంగి, మొక్క మొదలు పట్టుకుని ఒక్క లాగు లాగింది. మొక్క చేతిలోకి వచ్చేసింది, నల్లటి సంచీ, దాని మీద నర్సరీ నంబరూ అన్నీ కలిపి. ఆవిడ ఆ నంబరు చదివింది. పక్క మొక్క లాగింది. అదీ వచ్చేసింది.

"ఈ ఒక్క వరస మాత్రం నిన్న మార్చాం మేడమ్, తెగులు..." అన్నాడు మేనేజరు.

"ఒసేయ్, ఒక్క వరసేనంట!" అని కేకేసింది వాగుడుకాయ, మధ్యాహ్నం నుంచి బిగబట్టుకున్న నోరు ఒక్కసారిగా తెరిచి. "పైవాళ్లూ, కిందవాళ్లూ, చూపించండే!"

నలభై మంది వంగారు, నలభై మంది లేచారు. ఒక్కొక్కరి చేతిలో రెండేసి సంచులు. వాలు మీద కింది నుంచి పైదాకా అవే. మేస్త్రి "వద్దొద్దు, పెట్టెయ్యండి, కూలి డబల్ ఇప్పిస్తా" అంటూ ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి పరుగెత్తాడు. ఎవరూ వినలేదు. కళ్లద్దాలావిడ టకటకా ఫొటోలు తీస్తోంది. ఆ ఫొటోల్లో ఏ మూలా సంచి కనపడకుండా ఉంటే బాగుండుననుకున్నాడో ఏమో, మేనేజరు మోకాళ్ల మీద కూలబడి సంచిని గుంటలోకి కుక్కడం మొదలెట్టాడు. అది పడిపోయింది. మళ్లీ కుక్కాడు. తెల్లచొక్కా మోచేతుల దాకా ఎర్రమట్టయింది.

పెద్దక్క కళ్లార్పకుండా చూసింది. ఆమెకి జాలి కలగలేదు. కడుపు చల్లబడినట్టయింది. నాన్న బతికుంటే ఇక్కడే, తన పక్కనే కూర్చోబెట్టి చూపించేదాన్నని అనుకుంది.

"అలా కాదు సార్" అంది తీరిగ్గా. "చుట్టూ మట్టి తొక్కాలి. మీకెవరూ నేర్పలేదేమో."

"నీ ఉద్యోగం పోయింది, తెలుస్తోందా నీకు?" అని అరిచాడతను కిందినుంచే.

"నాది పోతే మూడువందల ఎనభై. మీది పోతే ఎంత సార్?"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆ దిబ్బ పుట్టాక దాని మీద వినపడిన మొదటి నవ్వు అదే.

కళ్లద్దాలావిడ మాత్రం నవ్వలేదు. మేనేజరుని దాటి పెద్దక్క దగ్గరికొచ్చింది. ఆవిడ మొహంలో నిజంగానే బాధ ఉంది, సిగ్గు కూడా ఉంది. "ఇక్కడ జరిగిందంతా ఉన్నదున్నట్టు రాస్తాను. వీళ్లకి డబ్బు ఆగిపోతుంది" అంది.

"చిన్నకొండ జోలికి రారు కదమ్మా అయితే?"

ఆవిడ చిన్నకొండకేసి చూసింది. "వీళ్లు రారు. ఇంకో కంపెనీ వస్తుంది, మంచి కంపెనీ. ఆ కొండలో ఉన్న ఖనిజం అందరికీ కావాలమ్మా, పొగలేని బళ్లకి కావాలి. కానీ ఈసారి ఇలా జరగనివ్వను. మొదటి నుంచీ మిమ్మల్ని అడిగే చేయిస్తాను. ఏ చెట్టు ఉంచాలో, ఏ ఊట ముట్టకూడదో మీరే చెబుదురు గాని."

పెద్దక్క ఆవిడ మొహంలోకి చూసింది. అబద్ధం కనపడలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది. ఇంత మెత్తగా, ఇంత మర్యాదగానే ఆ రోజు తన తండ్రి ముందు కూర్చున్నవాళ్లూ మాట్లాడారు.

కళ్లద్దాలావిడ పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. ఎదురుగా చిన్నకొండ భుజం మీద ఒంటరిగా, నల్లటి బెరడుతో నిలబడ్డ పెద్ద చెట్టుకేసి కలంతో చూపించింది. "ఇప్పుడే మొదలెడదాం. ఆ చెట్టు ఏమిటి?"

ఆ చెట్టు పెద్దక్కకి తన చేతివేళ్లు తెలిసినంత బాగా తెలుసు. చిన్నప్పుడు దాని బెరడు కషాయం తాగించి తల్లి తనకి ప్రాణం పోసింది. దాని వేళ్ల కిందే ఊరు తాగే ఊట పుడుతుంది. సమాధానం గొంతు దాకా వచ్చింది. అడిగినవాళ్లకి చెప్పకుండా ఉండటం ఎలాగో ఆమెకి ఎవరూ నేర్పలేదు. పళ్లు బిగించింది.

"తెలీదు" అంది.

నలభై మందీ ఉలిక్కిపడి ఆమెకేసి చూశారు. అలాంటి మాట వాళ్ల చెవిన ఎప్పుడూ పడలేదు. కళ్లద్దాలావిడ ఆశ్చర్యపోయి, పక్కనున్న ముసలమ్మని అడిగింది. ముసలమ్మ పెద్దక్కని చూసి, చెట్టుని చూసి, తల అడ్డంగా తిప్పింది. ఇంకొకామెని అడిగింది. ఆమే తెలీదంది.

చివరికి వాగుడుకాయ దగ్గరికొచ్చింది. "మీరైనా చెప్పండమ్మా. రోజూ చూసే చెట్టేగా?"

వాగుడుకాయ నోరు తెరిచింది. ఆ చెట్టు గురించి తెల్లారేదాకా చెప్పగలదు ఆమె. చేతిలో ఉన్న రెండు సంచుల్నీ గుండెకేసి గట్టిగా అదుముకుంది.

"నాకూ తెలీదమ్మా" అంది.